టు లెట్ బోర్డు ముందు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఉన్న టు లెట్ బోర్డులు నాకిప్పుడు దాదాపు కంఠతా వచ్చు. జూలైలో జాయినింగ్, ఆఫీసు తుర్కపల్లిలో, జీనోమ్ వ్యాలీ వైపు. హాస్టల్ ఖాళీ చేయాలి కాబట్టి మూడు ఆదివారాలుగా ఫ్రెండు బైక్ మీద ఇళ్ళ వేటలో ఉన్నాను. పది బోర్డులు చూస్తే ఏడింటి మీద ‘ఓన్లీ ఫర్ ఫ్యామిలీస్’ అనే ఉంటోంది. మిగతా మూడింటి మీద ఆ మాట రాయడం మర్చిపోయారంతే. ఫోన్ చేస్తే చెప్తారు.

మీరూ వెతికి ఉంటారు, లేదా వెతకబోతారు. నీళ్ళు బోరువా, మంజీరావా, కరెంటు మీటరు విడిగా ఉందా, అడ్వాన్స్ ఎన్ని నెలలు అని మనం అడుగుతాం. ఎంతమంది ఉంటరు, ఏం పని, నాన్‌వెజ్ తింటరా అని ఓనర్లు అడుగుతారు. కులం నేరుగా అడగరు, ఇంటిపేరు అడుగుతారు. ఇవన్నీ పోను నా దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. అది ఏ ఓనర్నీ అడగలేను. నేను గేని. ఈ వీధిలో నన్ను బతకనిస్తారా?

ఈ వ్యాసం కింద నా పేరు ఉండదు. మన ఎడిటర్‌కి తెలుసు, బైక్ నడిపినవాడికి తెలుసు, ఇంకో ఇద్దరికి తెలుసు. ఎవడబ్బా వీడు అని ఊహించడం మొదలుపెడతారని కూడా తెలుసు. ఆ పని చివరిదాకా చదివాక చేయండి.

సాహిత్య క్లబ్బు పత్రిక కాబట్టి ఒక మాట. పేపర్లలో మా గురించి ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తారు. ఆ మాట వినగానే మనిషి కనిపించడు, మంచం కనిపిస్తుంది. ఇక మన వాడుకలో ఉన్న మిగతా మాటలు తిట్లే, వాటిని మీరు హాస్టల్ కారిడార్లో రోజూ వింటూనే ఉన్నారు. మా అమ్మమ్మకి చెప్పుకోవడానికి పనికొచ్చే తెలుగు మాట నాకు దొరకలేదు. అందుకే గే అంటున్నా.

గుండ్లపోచంపల్లిలో ఒక ఓనర్ బాగానే మాట్లాడారు. రెండో అంతస్తులో సింగిల్ బెడ్‌రూమ్, గాలి బాగా వస్తుంది. “పెండ్లెప్పుడు చేస్కుంటవ్ బాబూ? ఆర్నెల్లల్ల అయితదంటే ఇస్తా, మా మిసెస్ ఒప్పుకుంటది” అన్నారు. నేను నీళ్ళు నమిలాను. కిందికొచ్చాక మావాడు తిట్టాడు. “వచ్చే ఏడు అని చెప్పేస్తే పోయేది కదరా, ఎవడు చూడొచ్చాడు?” వాడికి అది చిన్న అబద్ధం. వచ్చే ఏడు కాకపోయినా ఆ పై ఏడు వాడికి నిజంగానే పెళ్ళవుతుంది, పెళ్ళాంతో వెళ్ళి అదే ఓనర్‌కి శుభలేఖ ఇస్తాడు. నేను చెప్తే ఆ అబద్ధాన్ని ప్రతి సంవత్సరం రెన్యూవల్ చేయించుకుంటూ ఉండాలి, అద్దె అగ్రిమెంటులాగా.

చట్టం ఏమైంది అంటారా? 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పిచ్చి, ఇష్టపడ్డ ఇద్దరు వయోజనుల మధ్య సంబంధం నేరం కాదంది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. టీవీలో స్క్రోలింగ్ వస్తుంటే నాన్న ఛానల్ మార్చేశాడు. రాజ్యాంగం 15వ అధికరణలో లింగం ఆధారంగా వివక్ష చూపకూడదన్న మాటలో లైంగికత కూడా వస్తుందని ఆ తీర్పులోనే ఉంది. కానీ ఆ అధికరణ ముఖ్యంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. కొంపల్లిలో మూడంతస్తుల ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి నాకు అద్దెకివ్వనంటే దాంతో చేసేదేమీ లేదు. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టంలో ఇల్లు అద్దెకు తీసుకోవడంలో వివక్ష కూడదని స్పష్టంగా రాశారు. అది కాగితం మీద ఎంత, వీధిలో ఎంత అన్నది వేరే సంగతి, కనీసం చూపించడానికి ఒక సెక్షన్ ఉంది. గే మగాడికి అలాంటి చట్టం లేదు.

పెళ్ళి సంగతీ అంతే. 2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీల బెంచ్ మాకు పెళ్ళి హక్కును గుర్తించలేదు. ఆ కేసు పేరు ‘సుప్రియో’. ఆ సుప్రియో మన హైదరాబాద్‌లో ఉంటూ కేసు వేసినాయనే. 2021 డిసెంబర్లో అభయ్, ఆయన ఊరి శివార్లలోని రిసార్టులో, కుటుంబాల మధ్య పెళ్ళి వేడుక చేసుకున్నారు. చట్టం లెక్కలో మాత్రం వాళ్ళు పెళ్ళికానివాళ్ళే. ఆ లెక్కన నేను అరవై ఏళ్ళొచ్చినా బ్యాచిలర్నే. బోర్డు రాసిన ఓనర్ లెక్కలోనూ అంతే.

తమాషా ఏంటంటే, ఈ విషయంలో దేశంలో ముందడుగు వేసిన చోటు మన పక్కనే ఉంది. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ 2015లో ఒక విద్యార్థి కోరితే మిస్టర్, మిస్ రెండూ కాకుండా ‘ఎంఎక్స్’ అని సర్టిఫికెట్ ఇచ్చింది. 2022లో హాస్టల్‌లో ఒక అంతస్తును ఎల్జీబీటీక్యూ విద్యార్థులకు కేటాయించింది. ఆ వార్త చదివిన రోజు చాలాసేపు నిద్రపట్టలేదు. అయితే అది గేటు లోపలి సంగతి. అక్కడ చదువు అయిపోయినవాడు బయటికొచ్చి రాజీవ్ రహదారి పక్కన గది అడిగితే వాడినీ “ఫ్యామిలీయా?” అనే అడుగుతారు.

“గచ్చిబౌలి, కొండాపూర్ వైపు పో, అక్కడెవరూ పట్టించుకోరు” అని ఒక సీనియర్ సలహా. ఉద్యోగం తుర్కపల్లిలో పెట్టుకుని రోజూ ఊరు అటు నుంచి ఇటు దాటాలా? పైగా మా ఊరు తూప్రాన్ దాటాక. మేడ్చల్లో బస్సెక్కితే అమ్మ దగ్గరికి పోయిరావచ్చు. మా మేనమామ కూడా ఏ రోజైనా చెప్పకుండా నా గదికి రావచ్చన్నది దీనికి రెండో వైపు. నాకు ఆ దగ్గరితనం కావాలి, భయమూ వేస్తుంది.

కొంపల్లిలో గేటెడ్ కమ్యూనిటీ ఒకటి చూశాం, షేరింగ్‌లో. శుభ్రం, లిఫ్టు, పక్క ఫ్లాట్‌వాళ్ళకి మనం ఎవరో అక్కర్లేదు. మావాడికి తెగ నచ్చింది. నాకు మాత్రం గేటు దగ్గర ట్యాబ్ కనిపించింది. వచ్చిన ప్రతివాడి పేరు, నంబరు, ఫోటో, టైము. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం వెళ్ళే ఒకే పేరు మూడు నెలలు వరసగా అందులో కనపడిందనుకోండి. ఎవరూ ఏమీ అడగరు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ‘బ్యాచిలర్ ఫ్లాట్ల గురించి’ అని ఒక మెసేజ్ వస్తుంది, నెలాఖరుకి ఖాళీ చేయమంటారు. రిజిస్టర్‌తో మాట్లాడి ఒప్పించలేం కదా.

పాత మేడ్చల్ గల్లీల్లో ట్యాబ్ లేదు, గడపల మీద కూర్చున్న ఆంటీలు ఉన్నారు. వాళ్ళకన్నా సీసీ కెమెరా నయం అంటాడు మావాడు. నిజమే, వాళ్ళు అన్నీ చూస్తారు. కానీ గది తలుపు రెండు రోజులు తీయకపోతే వచ్చి కొట్టేదీ వాళ్ళే. కిందటేడు హాస్టల్లో డెంగ్యూ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్స్ రిపోర్టు పట్టుకుని నాతో తిరిగినవాళ్ళున్నారు. రేపు ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరు? జీవితాంతం ఒంటరిగా ఉండబోయే అవకాశం ఉన్నవాడు ఈ లెక్క ముందే వేసుకోవాలి. దాచుకుంటే సరిపోతుంది కదా అనేవాళ్ళకి ఇదే నా జవాబు: దాచుకున్నవాడి తలుపు ఎవరూ కొట్టరు. చూపు తగలని చోటు కన్నా, చూసేది మనిషి అయిన చోటే నయమని నాకనిపిస్తోంది. మనిషికైతే ఎప్పటికైనా అలవాటవుతాం.

ఈ పత్రిక చదివేవాళ్ళలో మేడ్చల్, కొంపల్లి, కండ్లకోయలో సొంతిళ్ళున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పై పోర్షన్ అద్దెకిచ్చేది మీ నాన్నే. ఎవడో కుర్రాడు పెళ్ళి మాట దాటేస్తే, “ఏదో తేడాగా ఉన్నాడు” అని ఇంట్లో అనుకునేటప్పుడు మీరు అక్కడే సోఫాలో ఉంటారు. “ఉండనీ నాన్నా, అద్దె కడతాడుగా” అనడం పెద్ద విప్లవమేం కాదు. ఆ ఒక్క మాట గుండ్లపోచంపల్లి ఇంట్లో ఎవరైనా అని ఉంటే నేను ఈపాటికి సామాను సర్దుకునేవాణ్ణి.

పోయిన ఆదివారం మేడ్చల్ రైల్వే స్టేషన్ వైపు ఒక గల్లీలో మేడ మీద గది చూశాను. రేకుల వరండా, బయట బాత్రూమ్. ఇంటామె డెబ్భై దాటిన మనిషి.

“పెండ్లెప్పుడు బిడ్డా?”

“చేసుకోనమ్మా.”

మావాడు నా కాలు తొక్కాడు. ఆమె నన్ను కాసేపు చూసింది.

“మా మరిది గూడ చేస్కోలే. గీ రూములనే ఉండె, చచ్చిపోయేదాంక. మోటరు పొద్దుగాల ఆరింటికి ఏస్తా, నీళ్ళు అప్పుడే పట్టుకోవాలె.”

రెండు నెలల అడ్వాన్సు. ఈ ఆదివారం వస్తానని చెప్పాను. ఆ మరిది గురించి ఇంకా ఏమీ అడగలేదు.