మన ఊరికి గైడు ఎవరు?

మొన్న చలికాలంలో ఒక ఆదివారం నాడు మన కాలేజీ విద్యార్థులం ఇరవై ఆరుగురం తెల్లవారక ముందే మేడ్చల్‌లో బస్సెక్కి, సికింద్రాబాదులో మారి, ఏడున్నరకల్లా చార్మినార్ కింద నిలబడ్డాము. పాతబస్తీని కాలినడకన చూపించే గైడు ఒకాయన్ని ముందుగానే మాట్లాడుకొన్నాము. మనిషికింత అని చందా వేసుకొన్నాము. ఇరవై ఆరుగురిలో పధ్నాలుగు మంది చార్మినార్‌ను దగ్గరగా చూడటం అదే మొదటిసారి అంటే మీరు నమ్మకపోవచ్చు. ముప్పై కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగినవాళ్లం మరి!

గైడు గారు మంచివారే. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు, మక్కా మసీదు పనిని ఔరంగజేబు కాలంలో ముగించారు, ఇదిగో చార్ కమాన్, అదిగో గుల్జార్ హౌజ్, పదండి పదండి, ఎండ ముదురుతుంది — ఇదీ వరస. మధ్యలో మావాడొకడు "సార్, ఈ కమాన్లు కట్టిన రాయి ఎక్కడి నుంచి తెచ్చారు?" అని అడిగాడు. ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదటి నుంచి అందుకొన్నారు. టేపు మధ్యలో తెగితే మళ్లీ మొదటికి తిప్పాలి గదా!

పత్తర్‌గట్టి దాటి బాద్షాహీ అషుర్ఖానాకు చేరేసరికి సగంమంది చాయ్ కోసం చూస్తున్నారు. లోపల గోడల మీద కుతుబ్‌షాహీల నాటి రంగు పలకలు. పచ్చ, నీలం, పసుపు — నాలుగు వందల ఏళ్లనాటివంటే నమ్మశక్యం కాదు. గైడు గారు రెండు వాక్యాలు చెప్పి గడియారం చూసుకొన్నారు. అప్పుడు అక్కడ ఊడుస్తున్న ఒక ముసలాయన చీపురు పక్కన పెట్టి మా దగ్గరకు వచ్చాడు. "గిటు సూడుండ్రి బాబా. మూసీ నీళ్లు గీడ్దాంక వచ్చినయ్" అని గోడ మీద చేత్తో ఒక గీత గీసినట్టు చూపించాడు. 1908 సెప్టెంబరు వరదలో కింది భాగంలో పలకలు దెబ్బతిన్నాయి. ఆ మేర తర్వాత రంగులతో నింపారు. పైన పలక, కింద వట్టి రంగు. ఆయన చెప్పకపోతే మా కళ్లు రెంటినీ ఒకటిగానే చూసేవి. ఆయన చెప్పాక మాలో ఒక్కరూ చాయ్ మాట ఎత్తలేదు.

ఆ ముసలాయనకు మేము చందా వేసుకోలేదు. ఇప్పటికీ అది నాకు ముల్లులాగా గుచ్చుతూనే ఉంది.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఒక సందులో నీళ్లు పట్టుకొంటున్న ఒకావిడను మా స్నేహితుడు ఫోటో తీయబోయాడు. ఆవిడ బిందె దించి బాగా తిట్టింది. తప్పు మాదే. పాత ఇంట్లో బతికే మనిషి మ్యూజియం బొమ్మ కాదు. మన వాకిట్లోకి ఎవరైనా ఇలాగే దూరి, మన అమ్మ బియ్యం ఏరుతుంటే ఫోటో తీస్తే మనం ఊరుకుంటామా?

దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద, పెరూ దేశంలో, కుస్కో అనే నగరం ఉంది. ఇంకా రాజుల రాజధాని. సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తు. స్పెయిన్ వాళ్లు 1533లో దాన్ని పట్టుకొని ఇంకాల సూర్యదేవాలయం గోడల మీదే తమ మఠం కట్టుకొన్నారు. 1950 భూకంపంలో మఠం చాలా భాగం కూలింది. సున్నం ఊసే లేకుండా రాతికి రాయి అతికించి పేర్చిన కింది గోడలు మాత్రం నిలిచాయి. అక్కడొక వీధిలో పన్నెండు మూలలున్న రాయి ఒకటి ఉంది. గైడు వెంట నడిచే ప్రతి యాత్రికుడూ దాని ముందు నిలబడాల్సిందే. 2025 ఫిబ్రవరిలో ఒకడు సుత్తితో ఆ రాయిని కొట్టి పెళ్లలు ఊడగొట్టాడు. ఊరంతా గగ్గోలు పెట్టింది. అంత గగ్గోలు ఎందుకు పుట్టిందంటే, ఆ రాయి అక్కడ ఉన్నదని ఊరందరికీ తెలుసు గనక. మన దగ్గర ఒక తూము రాయిని పొక్లెయిన్ పెకలించుకొని పోతే గగ్గోలు పెట్టేదెవరు? అది అక్కడున్నట్టు తెలిస్తే గదా!

"మన దగ్గరేముంది చూడటానికి? ప్లాట్లూ, కాంపౌండు గోడలూ తప్ప" అని యూనియన్ మీటింగులో ఒక మిత్రుడు నవ్వాడు. ఆయనకు నేను కీసరగుట్ట గుర్తుచేశాను. శివరాత్రి జాతరకు మనమంతా ఎక్కిన గుట్టే. విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు అక్కడ పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడ్డాయి. ఒక బండ మీద "తొలుచువాన్ఱు" అని చెక్కి ఉంది. అంటే రాళ్లు తొలిచేవాళ్లు. తెలుగులో మనకు దొరికిన అతి పాత రాతల్లో ఇదొకటని చరిత్రకారులు చెపుతారు. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు, పనివాళ్ల మాట! కుస్కోలో ఆ పన్నెండు మూలల రాయి చెక్కినవాడి గుర్తు ఏదీ మిగల్లేదు. మన దగ్గర మిగిలింది. మనం మాత్రం కొబ్బరికాయ కొట్టి, మిర్చి బజ్జీ తిని, దిగి వచ్చేశాము.

అందుకని నా వాదన ఇది. ఏటా విహారయాత్రకని యూనియన్ తీసే డబ్బులో సగం పక్కన పెట్టండి. నాగార్జునసాగర్ ఎక్కడికీ పోదు. ఆ డబ్బుతో శామీర్‌పేట చెరువు కట్ట మీద, కీసరగుట్ట మీద, మేడ్చల్ పాత ఊళ్లో నడకలు పెడదాం. గైడుగా ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కాదు, సంగతి తెలిసినవాణ్ణి పిలుద్దాం. ఆయనకు శాలువా కప్పి పంపడం కాదు, రోజు కూలి లెక్కన డబ్బు చేతిలో పెడదాం. హిస్టరీ లెక్చరర్లు వెంట ఉండి ఆయన చెప్పింది రాసుకోవాలి. తప్పుంటే తర్వాత సరిచూడాలి. (అటెండెన్సు సంగతేమిటని అడిగే పెద్దలకు నా దగ్గర జవాబు లేదు. వాళ్లనూ నడకకు రమ్మంటున్నాను.)

ఇదంతా ఊహ కాదు. శామీర్‌పేటకు దగ్గరి ఒక పల్లెలో నీరడి పని చేసిన తాత ఒకాయన ఉన్నాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయన తండ్రి దగ్గర నేర్చుకొన్నాడు. పంట కల్లంలో ఉండగానే ఆయనకు గింజలు కొలిచేవాళ్లట. ఇప్పుడు ఆ మళ్లలో వెంచరు రాళ్లు పాతారు. నేను వెళ్లి, చెరువు చూపిస్తావా తాతా అంటే నా కాళ్ల వంక చూశాడు.

"ఒక్కసారి జూస్తె ఏమెరుకైతది బిడ్డా? ఎండకాలం వస్తె తూము కనవడ్తది. వానలు వడ్డంక వస్తె మత్తడి కనవడ్తది. రెండుమాట్ల రావాలె. మైసమ్మ కాడ చెప్పులిడువుండ్రి."

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ ఎండాకాలం వస్తామని మాటిచ్చి వచ్చాను.