చెరువు నిండే దారిలో కాలనీలు కట్టనివ్వం

మేము తిరువళ్ళూరు జిల్లా ఊత్తుకోట వైపు పల్లెల వాళ్ళం. తరాలుగా ఇక్కడ సేద్యం చేస్తున్న తెలుగు కుటుంబాలు, కూలినాలి చేసుకునేవాళ్ళు, మాతో కలిసి బతికే తమిళ ఇరుగుపొరుగు అందరం కలిసి ఈ ప్రణాళిక రాసుకున్నాం. 2022లో చెన్నై మహానగర ప్రాంతం 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెరిగింది. మా జిల్లాలో వందల పల్లెలు ఆ గీతలోపలికి వెళ్ళాయి. ఇప్పుడు వరి మళ్ళలో సర్వే రాళ్ళు, గట్ల మీద రంగు జెండాలు కనిపిస్తున్నాయి. మూడు వందల గడపలున్న ఊరి పక్కన వేల ఫ్లాట్ల కాలనీ కడతామంటే మేము ఒప్పుకోం.

అన్నిటికన్నా ముందు నీళ్ళ సంగతి. మా చెరువులు ఒకదానికొకటి గొలుసుగా ఉంటాయి. పై చెరువు నిండి కలుజు పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు చేరతాయి. మధ్యలో ఉన్న వాగులు, కాలవలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి, తుమ్మ మొలిచి ఉంటాయి. కొనడానికి కారులో వచ్చినవాళ్ళకు అవి ఖాళీ జాగాలా కనిపిస్తాయి. లేఔటు వేసేవాళ్ళు సవుడు మట్టి తోలి పొలాన్ని రోడ్డు ఎత్తుకు లేపుతారు. ఎద్దుల బండి దిగి దాటే వెడల్పున్న కాలవను పూడ్చి, దాని స్థానంలో ఒక సిమెంటు గొట్టం వేస్తారు. కార్తీకంలో వాన దంచితే ఆ గొట్టం నోట్లో గడ్డి, ప్లాస్టిక్ సంచులు అడ్డం పడతాయి. పైన ఉన్న మళ్ళు మునుగుతాయి, కింద చెరువు నిండదు. కాబట్టి వాగు, కాలవ, కలుజు, తూము, మేత పోరంబోకు ఏదీ ఏ కాలనీ పటంలోనూ కలవకూడదు. అనుమతి ఇచ్చే ముందు రెవెన్యూ పటం చేతపట్టుకుని, ఊరి రైతుల ఎదుట, వానాకాలంలో వచ్చి కొలవాలి.

ఇది మా ఒక్కళ్ళ బాధ కాదు. కుశస్థలి నది మీద 1944లో కట్టిన పూండి రిజర్వాయరు చెన్నైకి నీళ్ళిస్తోంది. 1983 ఒప్పందం ప్రకారం తెలుగుగంగ కాలవలో కృష్ణ నీళ్ళు ఊత్తుకోట మీదుగానే పూండికి వస్తాయి. 2019 వేసవిలో నగర జలాశయాలు ఎండినప్పుడు మా జిల్లా పొలాల బావుల నుంచి ట్యాంకర్లు పోయాయి. ఈ నేలను కాంక్రీటు చేస్తే రేపు ఆ నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు?

నగరానికి దక్షిణాన జరిగింది మేము చూశాం. ఒకప్పుడు వేల హెక్టార్లున్న పళ్ళికరణై చిత్తడినేల బాగా చిక్కిపోయింది. మిగిలినదానికి 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అయినా దాన్ని ఆనుకుని కట్టే అపార్ట్‌మెంట్ల మీద కోర్టుల్లో తగాదాలు తెగలేదు. పక్కనే ఉన్న పెరుంబాక్కంలో సర్కారు 20 వేలకు పైగా ఇళ్ళు కట్టింది. 2015 వరదల తర్వాత కూవం, అడయారు ఒడ్డు గుడిసెల వాళ్ళను బతుకుతెరువుకు దూరంగా అక్కడికి తరలించారు. మద్రాసు వీధులు ఊడ్చిన తెలుగు కుటుంబాలూ ఇలా ఊరవతలి కాలనీలకు చేరాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు పెరుంబాక్కంలోనూ నీళ్ళు నిలిచాయి. వరదకు భయపడి తెచ్చినవాళ్ళను మళ్ళీ వరదలోనే పెట్టడం అన్యాయం.

ఇల్లు లేనివాడికి ఇల్లు రావడానికి మేము అడ్డం కాదు, ఎప్పుడూ కాబోం. మా ఊళ్ళలోనే ఒక్క గదిలో రెండు సంసారాలు చేస్తున్న దళితులు, ఇటుక బట్టీల దగ్గర పాకల్లో ఉండే ఇరుళర్ గిరిజనులు ఉన్నారు. వాళ్ళకు నత్తం భూమిలో, అంటే ఊళ్ళో ఇళ్ళకు కేటాయించిన నేలలో, పట్టా, ఇల్లు ముందు ఇవ్వాలి. నగరంలో పనిచేసే పేదకు నగరంలోనే చోటు చూపించాలి. పొలం అమ్ముకున్న రైతును కూడా మేము వెలివేయం. కూతురి పెళ్ళికో, ఆస్పత్రి ఖర్చుకో అమ్మినవాణ్ణి నిందించడం తేలిక. ధాన్యానికి గిట్టుబాటు, బావికి నీళ్ళు ఉంటే అతను అమ్మేవాడు కాదు.

నిర్ణయం ఊళ్ళో జరగాలి. 2025 జనవరిలో మా పంచాయతీల పదవీకాలం ముగిసి పాలన స్పెషల్ ఆఫీసర్లకు వెళ్ళింది. అలాంటి వేళ ఆఫీసులో పడిన సంతకాన్ని ఊరి సమ్మతిగా మేము లెక్కించం. 100 హెక్టార్లకు తక్కువ కాని ప్రాజెక్టుల కోసం, లోపల నీటి వనరులున్నా సర్కారు భూమిని ఒక్కటి చేసి ఇచ్చేలా 2023లో తెచ్చిన చట్టాన్ని రద్దు చేయాలి. సాగుభూమిని నివాస భూమిగా మార్చాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ నోటీసు తమిళంతో పాటు, తెలుగు మాట్లాడే పల్లెల్లో తెలుగులోనూ అంటించాలి. పరందూరులో కట్టదలచిన విమానాశ్రయం వద్దంటూ ఏకనాపురం వాళ్ళు 2022 నుంచి గ్రామసభల్లో తీర్మానాలు చేస్తూనే ఉన్నారు. వాళ్ళకు మా మద్దతు.

ఈ ప్రణాళికను మార్చి 22న, నీటి దినం గ్రామసభలో తీర్మానంగా పెడతాం. ఆడవాళ్ళు, కూలీలు వచ్చేలా ఆ రోజు పొలం పనులు ఆపుతాం. తీర్మానాల పుస్తకంలో రాసి, చదివి వినిపించాకే సంతకాలు పెడతాం. నకళ్ళు కలెక్టరుకు, చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ (సీఎండీఏ)కు, గొలుసులో మా పైనా కిందా చెరువులున్న ప్రతి పంచాయతీకి పంపుతాం.