రెండోసారి కట్టిన కారు



పేరెంట్ టీచర్ మీటింగులో మార్కుల సంగతీ, హోంవర్కు సంగతీ అయిపోయాక, లేచి వెళ్లబోతూ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. “పుట్టినరోజు వస్తోంది మేడమ్, చదువుకు పనికొచ్చే బొమ్మ ఏదైనా చెప్పండి.” ఆ ప్రశ్నకు ఈ నెల ఇక్కడే జవాబు రాస్తున్నాను. ముక్కలు కలిపి కట్టుకునే చిన్న రేస్ కారు ఒకటి కొనండి. “చదువుకు పనికొచ్చే” అన్న మాటను మాత్రం దుకాణంలోనే వదిలేసి రండి. ఎందుకో చెబుతాను.

పెట్టెలో ఏముంటుంది?

ఉదాహరణకు లెగో సిటీ వరుసలో 2022లో వచ్చిన రేస్ కారును తీసుకుందాం. దాని నంబరు 60322. నాలుగేళ్లు దాటిన పిల్లలకు. మొత్తం 46 ముక్కలు, ఒక డ్రైవరు బొమ్మ. కారు అడుగుభాగం ఒకే పెద్ద ముక్కగా వస్తుంది కాబట్టి చిన్న వేళ్లకు అది పట్టు దొరుకుతుంది. యూకేజీ, ఒకటో తరగతి పిల్లలు కాస్త ఓపిక పడితే సొంతంగానే కట్టేస్తారు. సరిగ్గా ఈ నంబరే దొరకాలని లేదు. వంద ముక్కల లోపు ఉన్న ఏ కారైనా ఈ వయసుకు సరిపోతుంది.

తొమ్మిది, పదేళ్లు దాటిన పిల్లలకు స్పీడ్ ఛాంపియన్స్ అని ఇంకో వరుస ఉంది. 2015లో మొదలైంది. నిజం కార్లను చూసి చేసిన నమూనాలు ఇవి. 2025లో ఫార్ములా వన్ పది జట్ల కార్లూ ఇందులో వచ్చాయి. అదే ఏడాది మే నెలలో మయామీ రేసుకు ముందు ఒక వేడుక చేశారు. ఒక్కొక్కటి దాదాపు 4 లక్షల బ్రిక్స్‌తో కట్టిన పెద్ద కార్లలో అసలు డ్రైవర్లే కూర్చుని ట్రాక్ చుట్టి వచ్చారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసు గుర్తున్న పిల్లలకు ఈ ముచ్చట చెప్పండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. కానీ ఈ వరుసలో ముక్కలు చిన్నవి, అంటించాల్సిన స్టిక్కర్లు ఎక్కువ. పేరు చూసి రెండో తరగతి పిల్లలకు కొనేస్తే చివరికి కట్టేది నాన్నగారే.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బీసెంట్ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఆ గుర్తు చూడండి. పెద్ద బ్రాండే కావాలని లేదు, గుర్తు ఉండి ముక్కలు గట్టిగా పట్టుకుంటే చాలు. రెండోది, ఇంట్లో మూడేళ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ ముక్కలు నేల మీద వదలకండి. నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

ఇంకొక మాట. రేస్ కారు అబ్బాయిల బొమ్మ అనుకోకండి. నా క్లాసులో ముక్కల డబ్బా తెరిస్తే చక్రాల కోసం ముందుగా చేయి పెట్టేవాళ్లలో అమ్మాయిలు తక్కువేం కాదు.

మొదటిసారి, రెండోసారి

పెట్టెలో వచ్చే పుస్తకంలో అన్నీ బొమ్మలే. ఏ ముక్క మీద ఏది పెట్టాలో వరుసగా చూపిస్తుంది. చూసి పెట్టుకుంటూ పోతే కారు తయారవుతుంది. ఇందులో ఓపిక ఉంది, వరుస తప్పకుండా చేయడం ఉంది. మంచి అలవాట్లే. కానీ ఆ కారు ఎలా ఉండాలో వేరేవాళ్లు ముందే ఆలోచించి పెట్టారు. మన పిల్లలు దాన్ని తప్పు లేకుండా ఎక్కించారు, అంతే. ఆ పని వాళ్లు బడిలో రోజూ చేస్తూనే ఉన్నారు.

అసలు ఆట ఆ కారు విరిగినప్పుడు మొదలవుతుంది. వెనక రెక్క ఊడుతుంది. పుస్తకం సోఫా కిందకు పోతుంది. “దీన్ని ట్రాక్టరు చేద్దామా?” అన్న ఆలోచన వస్తుంది. చేస్తే ముందుభాగం బరువెక్కి మూతి నేలను రాస్తుంది. ఏదో ఒకటి తీయాలి, వెనక ఏదో ఒకటి పెట్టాలి. ఏది తీయాలో ఎక్కడా రాసి ఉండదు. ఎనిమిది బొడిపెల బ్రిక్స్ ఒకే రంగువి ఆరు ఉంటే చాలు, వాటిని 91 కోట్ల 51 లక్షలకు పైగా రకాలుగా కలపవచ్చని గణితం చెబుతోంది. పుస్తకం చూపించేది ఒక దారి. మిగిలినవన్నీ పిల్లల కోసమే ఉన్నాయి.

చాలా ఇళ్లలో సరిగ్గా ఇక్కడే మనం అడ్డు పడుతున్నాం. కారు పూర్తవగానే ఫోటో, ఆ ఫోటో క్లాస్ వాట్సాప్ గ్రూపులోకి, కారు షోకేసులోకి. “అంత డబ్బు పెట్టి కొన్నాం, ముట్టుకోకు, విరుగుతుంది.” ముక్కలు ఊడకుండా ఫెవిక్విక్ పెట్టించినవాళ్లూ ఉన్నారు.

షోకేసులో పెట్టుకోవడానికి మన పక్కనే కొండపల్లి బొమ్మలున్నాయి. తెల్ల పొణికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల జిగురుతో అతికి, రంగులద్దిన ఆ ఏనుగు అంబారీ ఒక కళాకారుడి చేతిలో పూర్తయింది. దాన్ని విప్పి మళ్లీ కట్టమని ఎవరూ అడగరు, దాని అందం చూడడంలో ఉంది. లెగో కథ కూడా 1932లో డెన్మార్క్‌లో ఒక వడ్రంగి కర్ర బొమ్మలు చెక్కడంతోనే మొదలైంది. “బాగా ఆడుకో” అనే అర్థమున్న డేనిష్ మాటల్లోంచి ఆ పేరు పుట్టింది. ఇప్పుడు మనం చూసే బ్రిక్‌కు 1958లో పేటెంట్ అడిగారు. నాటి బ్రిక్ నేటి బ్రిక్‌కు ఇప్పటికీ అతుకుతుంది. విప్పడానికే చేసిన వస్తువు అది. దాన్ని అద్దాల వెనక పెడితే మనం కొన్నది సగమే వాడినట్టు.

తాటిబుర్రల బండి నేర్పింది

ఈ కారులో నాకు కనిపించే లోపం ఒకటుంది. ఫ్యాక్టరీలో అన్నీ కొలత ప్రకారం చేసేశారు. చక్రాలు రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఇరుసు వంకర పోదు. పిల్లలు తప్పు చేయడానికి చోటు తక్కువ.

కాలువ గట్ల మీద తాటిచెట్లున్న మన డెల్టా ఊళ్లలో పెరిగిన తాతయ్యలను అడిగి చూడండి. ఎండాకాలంలో ముంజలు తినేశాక మిగిలిన బుర్రలు రెండు తీసుకుని, మధ్యలో పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ పరిగెత్తేవాళ్లు. ఒక బుర్ర పెద్దదై ఇంకొకటి చిన్నదైతే బండి పక్కకు లాగేది. పుల్ల సరిగ్గా మధ్యలో పడకపోతే ఎగిరెగిరి పడేది. అప్పుడు ఇంకో బుర్ర వెతుక్కోవాలి. ఇరుసంటే ఏమిటో, రెండు చక్రాలూ ఎందుకు సమానంగా ఉండాలో ఎవరూ పాఠం చెప్పలేదు. బండే చెప్పింది.

ఆ రోజులు మళ్లీ రావాలని నేను అనడం లేదు. అపార్టుమెంటు నాలుగో అంతస్తులో తాటిబుర్రలు ఎక్కడ దొరుకుతాయి? ఆ బండి ఇచ్చిన అవకాశం, అంటే ముందు చెడగొట్టుకుని తర్వాత బాగుచేసుకునే అవకాశం, ఈ ప్లాస్టిక్ కారులో కూడా ఉంది. అది రెండోసారి కట్టేటప్పుడే దొరుకుతుంది.

ఇంగ్లిష్ టీచరుగా ఒక మాట

“ఆడుకునేటప్పుడు కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడమంటున్నాం మేడమ్” అని కొందరు గర్వంగా చెబుతారు. మీ ఉద్దేశం మంచిదే. కానీ ఈ ఆటలో ఆ నియమం వద్దు.

మూడో తరగతిలో ‘ఎలా చేయాలి’ అనే పాఠం ఉన్నప్పుడు ముక్కలతో బండి కట్టించి, ఎలా కట్టారో చెప్పమన్నాను. ఇంగ్లిష్‌లో చెప్పమన్నప్పుడు ఒక బాబు “టేక్ వన్ రెడ్” అని ఆగిపోయాడు. తెలుగులో చెప్పమనగానే, “ఈ పొడుగుది అడుగున పెడితేనే చక్రాలు ఊడవు మేడమ్, పొట్టిది పెడితే మధ్యలో విరుగుతుంది” అన్నాడు. కారణం ఉంది, పోలిక ఉంది, షరతు ఉంది. ఆలోచన పూర్తిగా సిద్ధంగా ఉంది. దానికి ఇంగ్లిష్ మాటలు అందించడం నా పని. ఆ పీరియడ్ అయ్యేలోగా అందులో చాలా భాగం ఇంగ్లిష్‌లో చెప్పగలిగాడు కూడా. ఆలోచనే లేకపోతే నేను ఎన్ని మాటలు నేర్పినా అవి బట్టీగానే మిగులుతాయి. కాబట్టి ఇంట్లో కారు కట్టేటప్పుడు అమ్మతోనో, అమ్మమ్మతోనో తెలుగులోనే వాదించుకోనివ్వండి.

మార్కులు పెరుగుతాయా?

ఇదీ అడుగుతారు. పెరుగుతాయని నేను మాట ఇవ్వను. పెట్టె మీద ‘స్టెమ్’ అని, ‘బ్రెయిన్ డెవలప్‌మెంట్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా సరే. ఒక బొమ్మ కొన్నంత మాత్రాన లెక్కల్లో పది మార్కులు రావు.

మన పిల్లల రోజు ఒకసారి చూడండి. బడి, ట్యూషన్, హోంవర్కు, వారాంతపు పరీక్ష, ఒలింపియాడ్. ప్రతి గంటకూ ఎవరో ఒకరు మార్కు వేస్తూనే ఉన్నారు. అందులో టీచర్లం మా వాటా కూడా ఉంది. చేసిన పనికి ఎవరూ నంబరు వేయని అరగంట వాళ్లకు ఎక్కడ దొరుకుతోంది? తప్పు చేస్తే మార్కు పోతుందన్న భయంతో ఐదో తరగతికి వచ్చేసరికే కొందరు పిల్లలు తెలిసిన జవాబుకు కూడా చెయ్యెత్తరు. ఆ పిల్లలను నేను రోజూ చూస్తున్నాను. తప్పు చేసినా ఏమీ కాదని వాళ్ల చేతులకు తెలియాలి. బొమ్మ కారు ఆ పని చేయగలదు, మనం దాన్ని ఇంకో సబ్జెక్టుగా మార్చకుండా ఉంటే.

అందుకే మీకు నా మనవి ఇది. మొదటిసారి కట్టేటప్పుడు పక్కన కూర్చోండి, చేతులు మాత్రం మీ ఒళ్లోనే ఉంచుకోండి. తప్పు ముక్క పెడితే వెంటనే చెప్పకండి. నాలుగు అడుగులు పోయాక వాళ్లకే తెలుస్తుంది. ఎంతసేపట్లో కట్టారో లెక్కపెట్టకండి. పక్కింటి పాప కారుతో పోల్చకండి. వారం తర్వాత ముక్కలన్నీ పాత స్వీటు డబ్బాలో వేసి, పుస్తకం బీరువా మీద దాచేయండి. ఆ తర్వాత వాళ్లు కట్టేది కారులా ఉండకపోవచ్చు. “ఇదేంటి?” అని అడిగి, చెప్పేది పూర్తయ్యేదాకా వినండి.