తూకంలో తుపాకులు

'స్టార్ ట్రెక్' తొలి ధారావాహికను అభిమానించే మిత్రులతో యుద్ధం మాట వచ్చినప్పుడల్లా ఒక కథ ప్రస్తావనకు వస్తుంది. 1968 ఫిబ్రవరి 2న అమెరికాలో ఎన్.బి.సి. ప్రసారం చేసిన 'ఎ ప్రైవేట్ లిటిల్ వార్' అది. వియత్నాం యుద్ధాన్ని వేరే గ్రహం మీదికి తరలించి, టీవీ తెర మీద ధైర్యంగా ప్రశ్నించిన కథ అని దానికి పేరు. ఇటీవల మళ్ళీ శ్రద్ధగా చూశాను. ఆ పేరు దానికి తగదని నా అభిప్రాయం. అది యుద్ధాన్ని ప్రశ్నించదు. యుద్ధానికి ఒక విచారవదనాన్ని తొడిగి, దానినే వివేకమని మనకు అప్పజెబుతుంది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా. ఒక ఆదిమ గ్రహం. కొండజనం, గ్రామజనం. పదమూడేళ్ళ క్రితం కెప్టెన్ కిర్క్ వచ్చి చూసి వెళ్ళినప్పుడు వాళ్ళ చేతుల్లో ఉన్నవి విల్లంబులే. ఇప్పుడు గ్రామస్థుల చేతికి చెకుముకి తుపాకులు వచ్చాయి. వాటిని చాటుగా అందిస్తున్నది శత్రుసామ్రాజ్యమైన క్లింగన్లు. కొండజనం నాయకుడు టైరీ కిర్క్‌కు పాతమిత్రుడు, చంపడం ఇష్టం లేనివాడు. అతని భార్య నోనా మాత్రం ఆయుధాలు కావాలంటుంది. కిర్క్ చివరకు ఒక నిర్ణయానికి వస్తాడు: అవతలివారికి ఏ తుపాకీ ఉందో ఇవతలివారికీ అదే ఇద్దాం, అంతకు మించి వద్దు, తూకం సరిపోతుంది. ఇది అంతులేని పోరవుతుందని డాక్టర్ మెకాయ్ వాదిస్తాడు. కిర్క్ కాదనడు. ఇరవయ్యో శతాబ్దపు ఆసియా యుద్ధాలను గుర్తుచేసి, అప్పుడూ ఇంతకన్న మార్గం లేకపోయిందంటాడు. నోనా గ్రామస్థుల చేతిలో చనిపోతుంది. టైరీ పగతో తుపాకీ అడుగుతాడు. కిర్క్ నూరు తుపాకులు తయారు చేయమని నౌకకు కబురు పంపి, భారంగా వెనుదిరుగుతాడు.

ఆ భారమే ఈ కథకు రక్షాకవచం. కథానాయకుడు సంతోషంగా ఆయుధాలిచ్చి ఉంటే మనం అసహ్యించుకునేవాళ్ళం. దిగులుగా ఇచ్చాడు కనుక గౌరవిస్తున్నాం. ఇచ్చినవాడి మొహం ఎలా ఉందన్నది తుపాకీ గుండు తగిలినవాడికి ఎందుకు? కన్నీళ్ళు పెట్టుకుని చేసిన పని కూడా పనే. దాని మంచిచెడ్డలు కన్నీళ్ళను బట్టి కాక, పనిని బట్టే తేల్చాలి.

ఇక తూకం సంగతి. చెకుముకి తుపాకీకి చెకుముకి తుపాకీ అన్న ఉపమానం ఎంత ముచ్చటగా ఉందో అంత అబద్ధం. 1967 చివరికే దక్షిణ వియత్నాంలో అమెరికా సైనికులు నాలుగు లక్షల ఎనభై వేలు దాటారు. ఉత్తరాదిపై 'రోలింగ్ థండర్' పేరిట విమానదాడులు 1965 మార్చి నుంచి సాగుతున్నాయి. అడవుల ఆకులు రాల్చే రసాయనాలను 1962 నుంచే చల్లుతున్నారు. అంటే వాస్తవంలోని కిర్క్ నూరు తుపాకులిచ్చి వెళ్ళిపోలేదు. నౌకను నేల మీదికి దింపి, తానే యుద్ధం చేస్తున్నాడు. కథలో ఆకాశంలో నిలబడి ఏ ఆయుధమూ ప్రయోగించకుండా నిగ్రహం చూపే నౌక ఉన్నదే, వియత్నాం ఆకాశంలో దానికి సమానమైనవి బి-52 బాంబర్లు. వాటికి నిగ్రహమన్నది తెలియదు. జరుగుతున్నదాన్ని ఇంతగా కుదించి చూపే ఉపమానాన్ని ప్రశ్న అనవచ్చునా? నేనైతే ఊరడింపు అంటాను.

ప్రసారమైన సమయం చూడండి. అంతకు మూడురోజుల ముందు, జనవరి 30-31 రాత్రి, టెట్ దాడి మొదలైంది. సైగాన్ నడివీధిలో ఒక పోలీసు అధిపతి చేతులు కట్టిన బందీని కణతకు గురిపెట్టి కాల్చిన దృశ్యాన్ని ఎడ్డీ ఆడమ్స్ ఫిబ్రవరి 1న ఛాయాచిత్రం తీశాడు. మర్నాడు అది పత్రికల్లో వచ్చింది. అదేరోజు రాత్రి టీవీలో ఈ కథ. టెట్‌ను రచయితలు ఊహించి ఉండరు, నిజమే. అందుకు వారిని తప్పుపట్టను. కాని 'తూకం' అన్న మాట ఎంత పొల్లు మాటో ఆ ఛాయాచిత్రం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

నన్ను ఇంతకన్న బాధించినది మరొకటి. గ్రామస్థులు ఎందుకు పోరాడుతున్నారో కథ ఒక్కసారీ అడగదు. వాళ్ళకు దోపిడీ ఆశ, వాళ్ళ నాయకుడు అపెల్లాకు పదవి ఆశ, అంతే. క్లింగన్లు రాకముందు ఆ గ్రహం నందనవనం. పాము బయటినుంచి వచ్చింది. వియత్నాం చరిత్ర అలా మొదలైందా? ఫ్రెంచి వలసపాలన ఏమైంది? ఆ వలసయుద్ధం ఖర్చులో అధికభాగాన్ని చివరి రోజుల్లో అమెరికాయే భరించిన సంగతి ఏమైంది? 1954 జెనీవా ఒప్పందం ప్రకారం 1956లో దేశమంతటా జరగవలసిన ఎన్నికలను దక్షిణాది పాలకుడు డియెమ్ అమెరికా దన్నుతో జరగనివ్వలేదే, అదెక్కడ? ఉపమానం అన్నీ చెప్పనక్కరలేదు. అయితే అది వదిలేసినవన్నీ ఒకే పక్షానికి లాభించేవైతే, ఆ వదిలివేతను కళాత్మక సంక్షిప్తత అని నేను అనలేను.

నోనా పాత్ర చూడండి. ఆయుధాలు కావాలని మొదటినుంచీ అడిగింది ఆమె ఒక్కతే. అందుకు కథ ఆమెను మాయలాడిగా, అధికారదాహం గలదానిగా చిత్రించి, కిర్క్ ఆయుధాన్ని దొంగిలింపజేసి, చివరకు చంపేసింది. ఆమె శవం చల్లారకముందే కథానాయకుడు ఆమె కోరిన దారినే నడిచాడు. ఆమె అడిగింది పైచేయినిచ్చే ఆయుధాన్ని, అతడిచ్చింది సరిసమానమైనదాన్ని, కాబట్టి తేడా ఉందనవచ్చు. పరిమాణంలో ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆడది అడిగితే దురాశ, మగవాడు ఇస్తే బాధ్యత ఎలా అయింది? ఇంకొక విడ్డూరం: తర్కానికి ప్రతినిధి అయిన స్పాక్ మొదటి దృశ్యంలోనే గుండు తగిలి, ఈ చర్చ సాగినంతసేపూ నౌకలో మంచం పట్టి ఉంటాడు. యాదృచ్ఛికమే కావచ్చు. ఆ వాదం స్పాక్ ఎదుట నిలిచేదని మాత్రం నాకు తోచదు.

సమర్థించే మిత్రుల మాటలు రెండున్నాయి. మొదటిది, ఆ కాలంలో అమెరికా టీవీలో అంతకంటె చెప్పనిచ్చేవారా అని. చెప్పనిచ్చారు. సాక్ష్యం ఆ ధారావాహికే. 1967 మార్చిలో వచ్చిన 'ఎరండ్ ఆఫ్ మెర్సీ'లో రెండు మహాశక్తులు ఒక చిన్న ప్రజను 'కాపాడటానికి' పోటీపడతాయి. ఆ ప్రజలు ఇద్దరినీ వద్దంటారు, ఇద్దరి ఆయుధాలనూ పనిచేయకుండా చేస్తారు. తాను యుద్ధం చేసే హక్కు కోసం వాదిస్తున్నానని అర్థమై కిర్క్ సిగ్గుపడతాడు. ఆ ప్రజలకు అతీతశక్తులు ఉండటం కథకు దొరికిన సౌలభ్యమే, కాదనను. అయినా అక్కడ చిన్నవాడికి సొంత నోరుంది, ఇక్కడ లేదు. ఇక 'ఎ ప్రైవేట్ లిటిల్ వార్' మూలకథ వ్రాసిన డాన్ ఇంగల్స్ తెర మీద తన పేరు కూడా వేయించుకోలేదు, మారుపేరుతో సరిపెట్టుకున్నాడు. తుదిరూపం ఇచ్చిన జీన్ రాడెన్‌బెరీ అదే 1968లో వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ సైన్స్ ఫిక్షన్ రచయితలు పత్రికలో ఇచ్చిన ప్రకటనపై సంతకం చేసినవారిలో ఒకడు. మనిషి సంతకం ఒకవైపు, కథ మొగ్గు మరొకవైపు. నేను విమర్శిస్తున్నది కథను.

రెండవది గట్టి ప్రశ్న. ఆయుధాలివ్వకపోతే కొండజనం చచ్చిపోరా? అవును, ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. అయితే ఆ రెండే దారులు ఉన్నట్టు చేసింది ఎవరు? గ్రామంలోని కొలిమి దగ్గర క్లింగన్ మనిషిని కిర్క్ కళ్ళారా చూశాడు. సరఫరా చేస్తున్నవాడు దొరికాడు. ఆ సాక్ష్యంతో క్లింగన్లను నిలదీసి సరఫరాను ఆపించే ప్రయత్నం కథలో ఎక్కడా లేదు. గ్రామస్థులలో ఒక్కరితోనైనా కూర్చుని మాట్లాడిన ఘట్టమూ లేదు. రెండు తలుపులు మూసేసి, మూడవది మాత్రమే తెరిచి, అయ్యో వేరే దారి లేదే అని విలపించడం విషాదాంతం కాదు, గారడీ.

ఇదంతా అరవైలనాటి అమెరికా గొడవ, మనకెందుకనుకునేవారికి ఒక్క మాట. 2005లో ఛత్తీస్‌గఢ్ దంతెవాడలో 'సల్వా జుడుం' మొదలైనప్పుడు వినిపించిన తర్కం ఇదే. మావోయిస్టుల చేతిలో తుపాకులున్నాయి, వాళ్ళు చంపుతున్నారు, కనుక ఆదివాసీ కుర్రవాళ్ళ చేతికీ తుపాకీ ఇద్దాం, తూకం సరిపోతుంది. మావోయిస్టులు చంపిన మాట నిజం. సరిపోయింది మాత్రం తూకం కాదు. ఊళ్ళు తగలబడ్డాయి, గోండులు, కోయలు తమలో తాము చీలారు, వేలమంది సరిహద్దు దాటి మన ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం, చదువుసంధ్యలు అంతగా లేని ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట అలా పోరులోకి దింపడం రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. కిర్క్‌ను ఎవరూ అడగని ప్రశ్నను ఆ తీర్పు ప్రభుత్వాన్ని అడిగింది: ఎవరి ప్రాణాలతో ఈ తూకం వేస్తున్నారు? అదే ఏడాది ఆ రాష్ట్రం సహాయక సాయుధ దళాల చట్టం తెచ్చి వారిని అందులో చేర్చుకుంది. తూకమన్న మాటకు ఎంత ఆయుష్షో చూడండి.

కాబట్టి మిత్రులారా, ఈ కథను చూడవద్దని నేననను. చూడండి, పిల్లలకూ చూపించండి. యుద్ధవ్యతిరేక కథ అని మాత్రం చెప్పకండి. మంచివాడొకడు బాధపడుతూ ఆయుధాలు పంచితే మనం ఎంత తేలికగా తలవంచుతామో తెలిపే కథ అని చెప్పండి. తరువాత ఒకటే ప్రశ్న అడగండి: ఆ నూరు తుపాకులు టైరీ మనుషుల చేతికి అందాక, గ్రామంలోని కొలిమి ఊరుకుంటుందా?