స్టవ్వు వద్దు, మొక్కు వద్దు!

మా ఆడపడుచు కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి ఎమ్మిగనూరు వచ్చినప్పుడు, నేను జొన్నరొట్టెలు తడుతుంటే పీట వేసుకుని ఎదురుగా కూర్చుని, "అత్తా, ఈసారి సెలవులకు గాంబియా పోతాండా" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, అదేదో జ్వరం మాత్ర పేరేమో అనుకున్నాను.

"పడమటి ఆఫ్రికాలో ఒక దేశమత్తా" అని ఫోనులో పటం చూపించాడు. చూస్తే నవ్వొచ్చింది. దేశం నడుమ పొడుగునా ఒకే ఏరు. ఏటికి ఈ గట్టూ ఆ గట్టూ కలిపితే దేశం! వెడల్పు చాలాచోట్ల యాభై కిలోమీటర్లు కూడా లేదట. సముద్రం వైపు తప్పితే చుట్టూ సెనెగల్ దేశమే. ఆ ఏటి వెంట ఏడు రోజులు తిరుగుతాడట. ఏ రోజు ఎక్కడ పడవ ఎక్కాలో, ఏ ఊళ్ళో రాత్రి ఆగాలో అంతా ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు.

వసారాలో ఒత్తులు చేసుకుంటున్న మా అత్తగారు వినింది. "ఒగ ఏరు చూడనీకి అంత దూరం పోవాల్నా నాయనా? మనకు తుంగభద్ర లేదా?" అంది.

"నువ్వు చూసినావా అవ్వా?"

"చూడకేమి! మంత్రాలయంలో ఎన్నిసార్లు మునిగినానో లెక్కే లేదు."

"మునిగినావు సరే. చూసినావా?"

అత్తగారు బదులు చెప్పలేదు. రాత్రి అన్నాలయ్యాక, నేను పక్క వేస్తుంటే మెల్లగా అంది: "వాడన్నది నిజమేనమ్మా. ముక్కు పట్టుకుని, కళ్ళు మూసుకుని మునగడమే గానీ, కళ్ళు తెరిచి ఏటిని చూసిందెప్పుడు?"

ఈ ఊరికి కోడలిగా వచ్చి యాభై ఏళ్ళు దాటింది ఆమె. ఏరు ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఒక కంటికి శుక్లం తీయించాం. రెండో కంటి సంగతి, షుగరు వల్ల ఇంకెన్నాళ్ళో చెప్పలేమన్నాడు డాక్టరు. అందుకే ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. కోపం వస్తే కోప్పడండి గానీ, సగంలో పేజీ తిప్పెయ్యకండి.

మన ఇళ్ళల్లో ఆడదాని ప్రయాణానికి ఎప్పుడూ ఒక సాకు ఉండాలి. పుట్టింటికి పోవాలంటే ఎవరికో ఒంట్లో బాగుండకూడదు. ఊరు దాటాలంటే పెళ్ళో, పురుడో, చావో జరగాలి. ఇవేవీ కాకుంటే మొక్కు ఉండాలి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి, గురువారం మంత్రాలయానికి. "ఊరికే చూసొస్తాను" అని ఒక ఇల్లాలు అంటే ఇంటిల్లిపాదీ ఆమె నుదురు పట్టి చూస్తారు, జ్వరం వచ్చిందేమోనని!

దేవుణ్ణి నేను కాదనడం లేదు. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన చోటు అది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి పోతుంటే, పక్కనే ఉన్న మనం పోకుండా ఉంటామా? కానీ స్వామి ఆ ఏటి ఒడ్డునే ఉన్నాడు గదా. దర్శనం కాగానే "నడవండి, నడవండి, బస్సు పోతాది" అని తరుముకొచ్చే మగవాళ్ళ వెనక పరుగెత్తడం తప్ప, ఆ ఒడ్డున అరగంట ఊరికే కూర్చున్నామా మనం? పొద్దుగూకే వేళ ఆ నీళ్ళు ఏ రంగులో ఉంటాయో మీలో ఎందరికి తెలుసు?

ఇక రెండో సాకు, సాకు కాదు శిక్ష, స్టవ్వు. మనవాళ్ళ ప్రయాణమంటే ఇల్లు కదిలి వెళ్ళడం కాదు, వంటిల్లు కదిలి వెళ్ళడం. పదేళ్ళ కిందట మేము బంధువులతో కలిసి హంపి వెళ్ళాం. వ్యానులో పదహారు మందిమి, రెండు స్టవ్వులు, బియ్యం మూట, చింతపండు, శనగపొడి డబ్బా, రుబ్బిన పిండి. మగవాళ్ళూ పిల్లలూ విఠలాలయంలో రాతిరథం చూస్తుంటే, మా వదినా నేనూ చెట్టుకింద చిత్రాన్నం కలుపుతున్నాం. తిరిగొచ్చాక మా పిన్నమామగారు అందరితో చెప్పారు: "హంపి అంతా కళ్ళారా చూసినాం!" నేను చూసిందల్లా రెండు స్టవ్వుల నీలి మంటలు. అది మాత్రం కళ్ళారానే చూశాను లెండి.

అందుకని ఈసారి పుస్తకం నేను తెరిచాను. ఆ పిల్లవాడు గాంబియాకు వేసుకున్నట్టే, మా ఏటికి ఏడు రోజుల లెక్క వేశాను. వినండి.

మొదటి రోజు ఆదోనిలో మా వదినను కలుపుకుని, బళ్ళారి మీదుగా హోస్పేట. సాయంత్రం ఆనకట్ట. రెండూ మూడూ రోజులు హంపి. పుట్టి ఎక్కి తిరగాలి, అవతలి గట్టున ఆనెగొంది చూడాలి. ఏరు ఉరవడిగా ఉంటే పుట్టి వెయ్యరు, అప్పుడు గట్టునే కూర్చోవాలి. నాలుగో రోజు సిరుగుప్ప మీదుగా మంత్రాలయం. దారిలో ఆదోని దగ్గరపడుతుంది, జాగ్రత్త! ఇంటికి తొంగి చూశామా, వంటింట్లో పడ్డామన్నమాటే. అయిదో రోజు కర్నూలు. కొండారెడ్డి బురుజు, కె.సి. కాలువ బయలుదేరే సుంకేసుల. ఆరో రోజు అలంపురం. బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మాలయాలు, జోగులాంబ. ఏడో రోజు సంగమేశ్వరం, మన తుంగభద్ర కృష్ణలో కలిసే చోటు. అక్కడి గుడి శ్రీశైలం జలాశయం నీళ్ళలో మునిగి, ఏడాదిలో కొన్ని నెలలే బయటపడుతుంది. నీళ్ళు తగ్గాయో లేదో ముందుగా కనుక్కుని బయలుదేరాలి. శివరాత్రి దాటాక, ఎండలు ముదరకముందు అయితే మేలు.

తుంగా భద్రా కలిసే కూడలి దగ్గర్నుంచి సంగమేశ్వరం దాకా ఈ ఏరు 531 కిలోమీటర్లు. అంతా చూడలేం. కానీ ఈ ఏడు రోజుల్లో మన ఇళ్ళ ముందు నుంచి పోయే నీళ్ళు ఎక్కడ ఆగి, ఎక్కడ చీలి, ఎక్కడ కలుస్తాయో తెలుస్తుంది. అదేం తక్కువా?

లెక్క చూసి మావారు ముందు నవ్వారు. తరువాత ఒక్కొక్కటే అస్త్రం తీశారు.

"డబ్బో?" అన్నారు. గాంబియాకు విమానం టిక్కెట్టు ఎంతో మేనల్లుణ్ణి అడగమన్నాను. పైగా మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. హోస్పేటకూ అలంపురానికీ రాష్ట్రం దాటాలి కాబట్టి అక్కడ కొనుక్కుందాం. మంత్రాలయంలో మఠంలో భోజనం పెడతారు. మిగతాచోట్ల ఉగ్గాణి బజ్జీ దొరక్కపోతే ఇడ్లీ తిని బతకలేమా?

"తోడెవరు?" అన్నారు. నాకు అత్తగారు తోడు, ఆమెకు నేను తోడు, మా ఇద్దరికీ వదిన తోడు. ముగ్గురు మనుషులు ఉండగా ఇంకా తోడు కావాలంటే, ఆడవాళ్ళు మనుషుల లెక్కలోకి రారనేగా అర్థం?

"నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ నలుగురిలో ముగ్గురు మనమే! ఇద్దరాడవాళ్ళు కలిసి సినిమాకు పోతేనే గడప దగ్గర నిలబడి లెక్క రాసుకునేది పక్కింటి ఆడవాళ్ళం మనమే కాదూ? మగవాళ్ళ మీద వేసే రాళ్ళల్లో ఒకటి మన కాళ్ళ దగ్గర కూడా వేసుకోవాలి.

చివరికి ఆయన అసలైన బాణం వేశారు. "మన పక్క జనం నీళ్ళు లేక సుగ్గికి పోతుంటే, నీకు ఏరు చూసే విహారమా?"

ఈ మాట దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ఏటా ఇంటికి తాళం వేసి, పిల్లల బడి మాన్పించి, గుంటూరు వైపు మిరపకోతలకు పోతుంది. కోసిగి, కౌతాళం, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో ఇది మామూలే. ప్రయాణాల లెక్క తీస్తే మా వీధిలో ఆమే అందరికంటే ఎక్కువ తిరిగింది. ఏం చూశావంటే, "ఏం జూస్తామమ్మా, మిరపకాయలు" అంది. మంట ఆరని చేతులు చూపించింది.

గాంబియా ఏటి మధ్య ఒక చిన్న దీవి ఉందట, కుంటా కింటే దీవి. వందల ఏళ్ళ కిందట మనుషుల్ని పట్టి, బానిసలుగా ఓడలెక్కించి సముద్రం దాటించిన చోట్లలో అదొకటి. 2003లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వంలో చేర్చారు. మేనల్లుడు ఆ సంగతి చెప్పినప్పుడు నాకు ఒకటి తోచింది. సుగ్గికి పోవడమూ బానిసగా పోవడమూ ఒకటని నేననను. ఆ పోలిక తప్పు. కానీ తన ఇష్టం లేకుండా ఎంత దూరం కదిలినా అది ప్రయాణం కాదు. ఇష్టపడి ఇరవై కిలోమీటర్లు పోయినా అది ప్రయాణమే.

అన్నట్టు, "ఆఫ్రికాకూ మనకూ ఏం సంబంధం" అని ఎవరైనా అంటారేమో. పదిహేడో శతాబ్దంలో ఆదోనిని ఏలి, అక్కడి జామియా మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ మూలాలు ఆఫ్రికావే. ఆ మసీదు పక్కనుంచి రోజూ కూరగాయల సంచీతో నడిచే మా వదినకే ఆ సంగతి నేను చెప్పాల్సి వచ్చింది. ఇంటి పక్క కూడా మనం చూడం!

ఇక మావారి ప్రశ్నకు నా జవాబు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మా ఇంట్లో అయిదు రోజులు అదే మాట. దిగువ కాలువ నీళ్ళ మీదే కదా ఈ వైపు పైర్లన్నీ! మగవాళ్ళు అరుగు మీద కూర్చుని టి.ఎం.సి.ల లెక్కలు చెబుతుంటే, మా అత్తగారు తలుపు చాటునుంచి అడిగింది: "గేటంటే ఎంతుంటాది?" ఎవ్వరూ చెప్పలేదు. ఎందుకంటే ఎవ్వరూ సరిగ్గా చూడలేదు! ఆడవాళ్ళ సంగతి అటుంచి, మన మగవాళ్ళు కూడా ముప్పై మూడు గేట్ల ఆ ఆనకట్టను పేపర్లోనే చూశారు.

చూడని దాని గురించి ఎవరు అడుగుతారు? ఆనకట్టలో నీళ్ళు నిండా ఉండగా కాలువ చివరి పొలానికి ఎందుకు రాలేదని ఎవరు నిలదీస్తారు? పన్నెండేళ్ళకొకసారి పుష్కరాలప్పుడు గుర్తొచ్చే ఏరు మనది. 2020లో కరోనా వచ్చి, ఆ మునక కూడా లేక జల్లుస్నానాలతో సరిపెట్టుకున్నాం. ఇక మళ్ళీ 2032లోనా? అంతదాకా మా అత్తగారి కన్ను ఆగుతుందా? "గంగా స్నానం, తుంగా పానం" అన్నారు పెద్దలు. తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసి రావడం విహారమైతే, అవును, నాకు విహారమే కావాలి. మా గిన్నెలు తోమే ఆమెకు కూడా ఒకరోజు, మిరపతోట లేని చోటికి, అలాంటి ప్రయాణమే కావాలి. నేను ఇంట్లో కూర్చుంటే ఆమె వలస ఆగదు. ఆమె నీళ్ళు ఎక్కడ ఆగాయో తెలుసుకుంటే, కనీసం నా నోటికి ఒక ప్రశ్న వస్తుంది.

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెమ్మలూ! నాలాగా ఏడు రోజులు కాకపోతే మూడు రోజులు. తుంగభద్ర కాకపోతే మీ ఊరి పెన్న, మీ ఊరి హంద్రి. పుస్తకం మీరు తెరవండి. దారి మీరు రాయండి. మొక్కు ఉంటే తీర్చుకోండి, కానీ మొక్కు కోసమే కాళ్ళు కదలాలన్న నియమం పెట్టుకోకండి. స్టవ్వు మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి. దానికి కూడా ఏడు రోజులు సెలవివ్వండి, పాపం.

మా ప్రయాణం ఖాయమైంది. నిన్న అత్తగారు సంచీ సర్దుకుంటుంటే చూశాను. రెండు చీరలు, కళ్ళద్దాలు, కంట్లో వేసుకునే చుక్కల మందు. అడుగున ఏదో బరువుగా ఉంటే తీసి చూశాను. శనగపొడి డబ్బా!

"పొయ్యి వద్దన్నావు గానీ పొడి వద్దనలేదు కదమ్మా" అంది.

సరే, పొడి వరకూ ఒప్పుకున్నాను. మావారు మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "బియ్యం డబ్బా యాడుంటాది?" అని అడుగుతున్నారు.

పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఆయనా ఇంకా చూడాల్సినవి ఉన్నాయి, చూశారా!