మూసినట్లు కనిపించే గడియ

వేసవి సెలవులు సమీపించగానే అమెరికాలోని తెలుగు కుటుంబాలలో ప్రయాణాల సందడి మొదలవుతుంది. యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గలను, గ్రాండ్ కాన్యన్ లోయను చూడబోయేవారిలో కొందరు హోటళ్ల గదులు వెదుక్కోవడం మాని, వంటగది, పడకలు, స్నానాల గది ఇమిడిన ట్రావెల్ ట్రైలరును అద్దెకో సొంతానికో తీసుకొని కారు వెనుక తగిలించుకుంటారు. పప్పు, పులుసు, ఆవకాయలతో సహా ఇంటినే వెంట తీసుకొనిపోవడంలోని సుఖం కాదనలేనిది. అయితే ఆ ఇంటికీ, దానిని లాగే వాహనానికీ మధ్య ప్రధాన బంధం ఒక చిన్న ఇనుప గుండు, దానిని పట్టుకొని ఉండే ఒక గడియ మాత్రమే. ఆ గడియ మూసినట్లు కనిపించడం వేరు, నిజంగా పట్టడం వేరు. ఈ భేదాన్ని కంటితో తేల్చలేము. బలం ప్రయోగించి తేల్చవలసిందే. ఆ పని ప్రతిసారీ, వాహనం నడిపేవారే స్వయంగా చేయాలి.

ఈ బంధం నిర్మాణం సులభమైనది. వాహనం వెనుక హిచ్ మీద నిలువుగా బిగించిన ఉక్కు గుండు ఉంటుంది. ట్రైలరు ముందుకు చాచిన ఇనుప చట్రం కొనలో బోర్లించిన గిన్నె వంటి కప్లరు ఉంటుంది. కప్లరును గుండుపైకి దించి మీట నొక్కినప్పుడు, లోపలి దవడ వంటి భాగం గుండు అడుగుకు చేరి బిగుసుకుంటుంది. ఆ మీట తిరిగి లేవకుండా అడ్డంగా ఒక పిన్ను గుచ్చుతారు. గుండు కప్లరులోకి పూర్తిగా దిగనప్పుడు దవడ గుండు కిందికి చేరదు, పక్కనో పైనో ఆగిపోతుంది. ఒక్కొక్కప్పుడు అటువంటి స్థితిలో కూడా మీట చాలావరకు మూసుకుంటుంది. పైనుండి చూచేవారికి అంతా సవ్యంగానే ఉన్నట్లు తోస్తుంది.

గుండు పరిమాణం విషయంలోనూ ఇటువంటి భ్రమకు అవకాశముంది. అమెరికాలో సామాన్యంగా వాడే గుండ్లు మూడు కొలతలలో దొరుకుతాయి: 1 7/8 అంగుళాలు, 2 అంగుళాలు, 2 5/16 అంగుళాలు. చివరి రెండింటి మధ్య భేదం సుమారు 8 మిల్లీమీటర్లు మాత్రమే. 2 5/16 అంగుళాల కప్లరును 2 అంగుళాల గుండుపై దించితే అది చక్కగానే కూర్చుంటుంది, మీట కూడా మూసుకుంటుంది. కాని గుండు నిలువవలసిన చోట నిలువదు. గుండు మీద, కప్లరు మీద ఆ కొలతలు అచ్చుగుద్ది ఉంటాయి. వాటిని చదివి సరిచూడడానికి అర నిమిషం చాలు.

ఇక్కడ ఒక భౌతికశాస్త్ర సూక్ష్మం గమనింపదగినది. ట్రైలరు మొత్తం బరువులో పది నుండి పదిహేను శాతం దాని ముందు కొనపై పడేటట్లు సామాను సర్దాలని నియమం. అంటే 6,000 పౌండ్ల ట్రైలరు 600 నుండి 900 పౌండ్ల బరువుతో గుండును కిందికి నొక్కుతూ ఉంటుంది. గడియ పట్టకపోయినా ఈ బరువే కప్లరును గుండు మీద నిలిపి ఉంచుతుంది. వాహనం కదులుతుంది, మలుపు తిరుగుతుంది, వీధి చివరి వరకు నిక్షేపంగా పోతుంది. లోపం బయటపడేది రోడ్డులోని గుంతపైనో, వంతెన అతుకుపైనో చక్రం ఎగిరి, ఆ బరువు ఒక్క క్షణం తేలికైనప్పుడు. అప్పటికి వాహనం హైవే వేగం అందుకొని ఉంటుంది. నిలిచి ఉన్నప్పుడు లోపాన్ని దాచిపెట్టే బలం, పరుగెత్తేటప్పుడు అవసరమైన క్షణాన తప్పుకుంటుందన్నమాట. కనుక నిలిచి ఉన్న బండిని చూచి “బాగానే ఉంది” అనుకోవడం శాస్త్రరీత్యా నిరాధారమైన అనుమానం.

దీనికి తగిన పరీక్ష ఎంతో కాలంగా ప్రచారంలో ఉంది. ట్రైలరు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, గడియ వేసి, పిన్ను గుచ్చిన తరువాత, ట్రైలరు ముందున్న జాకీతోనే దాని ముందు కొనను పైకి ఎత్తాలి. గడియ నిజంగా పట్టి ఉంటే, వాహనం వెనుక భాగం కూడా దానితోపాటు ఒకటి రెండు అంగుళాలు లేస్తుంది. పట్టకపోతే కప్లరు ఒక్కటే గుండును వదలి పైకి వస్తుంది. రోడ్డుమీది కుదుపు చేయబోయే పనిని మనమే ముందుగా, ఎవరికీ హాని లేనిచోట చేసి చూడడమే ఈ పరీక్షలోని మర్మం. ఆ సమయంలో చేతులు గాని కాళ్లు గాని కప్లరు కిందికి పోనీయరాదు. గుండు కొలత తప్పినప్పుడు ఈ పరీక్ష ఒక్కటే చాలదు గనుక, అంకెలు చదవడం ముందు, ఎత్తి చూడడం తరువాత. పరీక్ష ముగియగానే జాకీని పూర్తిగా పైకి ముడిచి, అడ్డుదిమ్మలు తీసివేయాలి.

రక్షక గొలుసులు ఉన్నాయి గదా అని కొందరు వాదిస్తారు. ఉన్నాయి, ఉండాలి కూడా. వాటిని కప్లరు కింద ఒకదానికొకటి అడ్డంగా తగిలిస్తే, ఊడిన కొన నేలలో గుచ్చుకొనకుండా ఉయ్యాలవలె పట్టుకుంటాయి. వాటికి తోడు, ట్రైలరు పూర్తిగా విడిపోతే తెగలాగబడి బ్రేకులు పడేటట్లు చేసే సన్నని ఉక్కు తీగ ఒకటి ఉంటుంది. దానిని గొలుసుకు కాక, విడిగా వాహనానికే తగిలించాలి. కాని ఇవన్నీ గడియ విఫలమైన తరువాత ఆదుకొనేవే తప్ప గడియకు బదులు కావు. 60 మైళ్ల వేగంతో పోతున్న 6,000 పౌండ్ల ట్రైలరులోని గతిశక్తి సుమారు పది లక్షల జౌళ్లు. దానిని 120 అడుగుల ఎత్తునుండి, అంటే దాదాపు పన్నెండు అంతస్తుల మేడ మీదినుండి, పడవేసినదానితో సమానం. అంత శక్తిని గొలుసుల పాలు చేసి నిశ్చింతగా ఉండడం చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం వంటిది.

బండ్లను కలిపే పని ఎంత ప్రమాదకరమో అమెరికా రైల్వేల చరిత్ర చెబుతుంది. పూర్వం రైలు పెట్టెలను లంకె, చీలలతో కలిపేవారు. రెండు పెట్టెల నడుమ నిలిచి చీల గుచ్చే కార్మికులలో వేళ్లు, చేతులు, ప్రాణాలు పోగొట్టుకొన్నవారు ఎందరో. ఇలై జానీ అనే వ్యక్తి, రెండు చేతుల వేళ్లు ముడిచి ఒకదానినొకటి పట్టుకొన్నట్లుండే స్వయంచాలక కప్లరుకు 1873లో పేటెంటు పొందాడు. అయినా దేశమంతటా అటువంటివి తప్పనిసరి చేయడానికి 1893లో ప్రత్యేక చట్టం రావలసి వచ్చింది. గమనింపవలసింది ఏమంటే, స్వయంచాలక కప్లరు వచ్చిన తరువాత కూడా రైల్వేవారు కలిపిన పెట్టెలను ఒకసారి లాగి చూచే అలవాటును విడిచిపెట్టలేదు. యంత్రం తనంతట తాను పట్టుకొన్నా, పట్టిందో లేదో చూడడం మనిషి పనిగానే మిగిలింది.

పెద్ద లారీల డ్రైవర్లకూ అదే నియమం. 1986 నాటి చట్టం ప్రకారం 1992 నుండి దేశమంతటా అమలులోకి వచ్చిన వాణిజ్య లైసెన్సు కోసం చదివే పుస్తకంలోనే, ట్రైలరు తగిలించిన తరువాత బండిని మెల్లగా ముందుకు లాగి చూడాలనీ, ఆపైన దిగి కంటితో చూడాలనీ ఉంది. కుటుంబంతో విహారానికి బయలుదేరే వ్యక్తికి మాత్రం చాలా రాష్ట్రాలలో సాధారణ కారు లైసెన్సు చాలు. ఏ పరీక్షాధికారీ అతడిని “గడియ పట్టిందని నీకెలా తెలుసు?” అని అడగడు. నిత్యం ఆ పని చేసేవాడికి విధిగా ఉన్నది, ఏడాదికొకసారి చేసేవాడికి ఐచ్ఛికం కావడం విడ్డూరం. అనుభవం తక్కువగా ఉన్నవాడికే పరీక్ష ఎక్కువ అవసరం.

అద్దెకిచ్చేవారు తగిలించి ఇస్తారు గదా అనే సమాధానమూ నిలువదు. వారు తగిలించేది ఒక్కసారి. విడిది చేరిన తరువాత విప్పడం, తిరిగి తగిలించడం ప్రయాణికుల పనే. అదీ తెల్లవారుజామున, పిల్లల తొందరలో, స్నేహితుల కబుర్ల నడుమ. నలుగురు చేతులు వేసిన పనిలో, “ఆయన చూచి ఉంటారు” అని ప్రతివారూ అనుకొని ఎవరూ చూడకపోవడం మన పెళ్లిపందిళ్లలో ఎరిగినదే. అందుచేత ఆ బాధ్యత ఒక్కరిదే కావాలి. ఆ ఒక్కరు చక్రం వెనుక కూర్చొనేవారే కావాలి. కొన్ని మైళ్లు పోయిన తరువాత ఒకసారి, దారిలో ఆగిన ప్రతిచోటా మరొకసారి దిగి, పిన్ను, గొలుసులు, తీగ తమ తమ స్థానాలలో ఉన్నవో లేవో చూచుకోవాలి.

ఈ విషయంలో తెలుగు సంఘాలు చేయదగిన పని ఒకటుంది. వేసవి వనభోజనాలకు సొంత ట్రైలరుతో వచ్చే సభ్యులు ఉన్నచోట, భోజనాల తరువాత అరగంట కేటాయించి, గుండు కొలత చదవడం, గడియ వేయడం, జాకీతో ఎత్తి చూడడం అందరిచేతా చేయించవచ్చు. ఉపన్యాసం అక్కరలేదు. వాహనం వెనుక భాగం ట్రైలరుతోపాటు పైకి లేవడం ఒక్కసారి కళ్లారా చూచినవారు దానిని మరువరు. ఎడ్లబండిపై గడ్డి కట్టి మోకు బిగించిన రైతు, దానిని గట్టిగా ఒకసారి గుంజి చూడనిదే ఎడ్లను అదలించడు. అతడికి గతిశక్తి సూత్రం తెలియదు. ముడి కనబడినంత మాత్రాన బిగియదని మాత్రం తెలుసు. సూత్రాలు తెలిసినవారు ఆపాటి జాగ్రత్త తీసుకోవడం పెద్ద పని కాదు.