గది కంటే ముందు తోడు

జుమా నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక, పీలేరు ప్రాంతానికి చెందిన ఒక తండ్రి నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఆయన కుమార్తెకు తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. "హజ్రత్, చదివించాలనే ఉంది. కానీ హాస్టల్లో వదలాలంటే మనసు ఒప్పడం లేదు. రోజూ బస్సులో పంపితే సరిపోతుందా? లేక చదువే మాన్పించమంటారా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఒక లెక్క వేయమన్నాను. పీలేరు నుండి భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతికి సుమారు 60 కిలోమీటర్లు. వారానికి ఆరు రోజులంటే పన్నెండు ప్రయాణాలు. శీతాకాలంలో తెల్లవారకముందే బయలుదేరాలి, చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. హాస్టల్లో ఉంటే నెలకు ఒకటి రెండు ప్రయాణాలు, అవి కూడా తండ్రి వెంటనో అన్న వెంటనో. ఆడపిల్ల భద్రతే మన ఆందోళన అయితే, ఈ రెండింటిలో ఏది దానికి దగ్గర? ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "ఈ విధంగా ఆలోచించలేదు హజ్రత్" అన్నాడు.

ప్రియ పాఠకులారా! విద్య కోసం ఇల్లు విడిచి ఉండటం మన సముదాయానికి కొత్త కాదు. హిజ్రత్ తరువాత మదీనాలో మస్జిదె నబవీని ఆనుకొని 'సుఫ్ఫా' అనే నీడగల అరుగు ఉండేది. ఇల్లూ వాకిలీ లేని సహచరులు అక్కడే ఉండి ధర్మవిద్య నేర్చుకునేవారు. అయిదు వేలకు పైగా హదీసులను మనకు అందించిన హజ్రత్ అబూ హురైరా (రజి) ఆ అరుగు మీద ఆకలిని ఓర్చుకున్నవారే. ఒకనాడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వద్దకు ఒక పాత్రలో పాలు వచ్చాయి. ఆకలితో ఉన్న అబూ హురైరా (రజి)కే ముందుగా ఇవ్వకుండా, సుఫ్ఫా వారందరినీ పిలుచుకు రమ్మన్నారు. అందరూ తాగాక ఆయన తాగారు. అందరి తరువాత ప్రవక్త (స) తాగారు. ఈ వృత్తాంతం బుఖారీ గ్రంథంలో ఉంది. ఆ వసతిలో గోడలు లేవు, మంచాలు లేవు. పంచుకునే మనుషులు ఉన్నారు. తరువాతి కాలంలో కైరోలోని అల్ అజ్‌హర్‌లో దూరదేశాల విద్యార్థులు ఉండేందుకు 'రివాఖ్'లు ఏర్పడినదీ ఈ బాటలోనే.

అందువల్ల ప్రశ్న హాస్టల్లో ఉంచవచ్చా అన్నది కాదు, ఎలాంటి హాస్టల్లో ఉంచాలన్నది. ఇల్లు కొనే ముందు పొరుగును చూడమని అరబ్బుల్లో ఒక నానుడి ఉంది. గది విషయంలోనూ అంతే. మంచి స్నేహితుణ్ణి కస్తూరి అమ్మేవాడితోనూ, చెడ్డ స్నేహితుణ్ణి కొలిమి ఊదేవాడితోనూ ప్రవక్త (స) పోల్చారు. కస్తూరి కొనకపోయినా పరిమళం అంటుతుంది. కొలిమి దగ్గర కూర్చుంటే బట్టలు కాలకపోయినా పొగ తప్పదు. మూడేళ్ళు ఒకే గదిలో ఉండేవారి మధ్య ఈ ప్రభావం ఎంతటిదో చెప్పనక్కరలేదు.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు ఒక పొరపాటు చేస్తారు. గదిలో మనవాళ్ళు ఉన్నారా లేదా అన్నది ఒక్కటే అడిగి ఊరుకుంటారు. హిజ్రత్ ప్రయాణంలో ప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) తమ ఒంటెలనూ, దారినీ, ప్రాణాలనూ అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే మార్గదర్శికి అప్పగించారు. అప్పటికి అతను ముస్లిం కాడు, నమ్మదగినవాడు. నమాజుకు లేవని, నిద్రకూ చదువుకూ వేళాపాళా లేని ముస్లిం కంటే, మాట నిలబెట్టుకొని, మన నమాజును గౌరవించే హిందూ సహవాసి మేలైన తోడు కావచ్చు. పేరు చూసి నిశ్చింత పడకూడదు, పేరు చూసి భయపడకూడదు.

చేరే ముందు తల్లిదండ్రులు బిడ్డతో కలిసి వెళ్ళి, కొన్ని విషయాలు స్వయంగా చూడాలి. మగపిల్లలకైతే నడిచి వెళ్ళగల దూరంలో మస్జిద్ ఉందా, జుమాకు వెళ్ళి తరగతికి తిరిగి రాగలరా? ఆడపిల్లలకైతే వార్డెన్ రాత్రి హాస్టల్లోనే ఉంటారా, గేటు ఎన్నింటికి మూస్తారు? నీళ్ళు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయా? పరిశుభ్రత లేనిచోట వుజూ కూడా కష్టమే. మెస్‌లో మాంసం వండితే అది ఎక్కడినుండి వస్తుందో అడగాలి. శాకాహారమే వడ్డిస్తే బాధపడవలసిన పని లేదు. అన్నం, పప్పు, పెరుగులలో జబీహా ప్రశ్నే తలెత్తదు. రమజానులో సహరీకి రాత్రే భోజనం కట్టి ఇస్తారేమో ముందే మాట్లాడుకోవాలి. ఫజ్ర్ అలారం పక్కవారి నిద్ర చెడగొట్టకుండా చూసుకోవడం కూడా పొరుగువారి హక్కే.

ర్యాగింగ్ గురించి మొహమాటం లేకుండా అడగండి. మన రాష్ట్రంలో 1997 నుండి దానిపై నిషేధ చట్టం ఉంది. యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చింది. 1800-180-5522 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. సూరహ్ హుజురాత్ ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని నిషేధించింది. అందువల్ల మన బిడ్డ బాధితుడు కాకూడదన్న జాగ్రత్త ఎంత అవసరమో, రెండో ఏడాదిలో బాధించేవాడు కాకూడదన్న జాగ్రత్తా అంతే అవసరం.

ప్రైవేటు హాస్టల్ అయితే అడ్వాన్సు ఎంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పెద్ద ఆయత్ (2:282) అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించే. అలాగే హాస్టల్ నిబంధనల మీద మనం చేసే సంతకం ఒక వాగ్దానం. గదిలో హీటరు వాడనని రాసిచ్చి దొంగచాటుగా వాడటం విశ్వాసికి తగదు.

చివరిగా ఖర్చు. 2020లో మొదలైన వసతి దీవెన పథకంలో డిగ్రీ, ఆపై చదివే అర్హులకు ఏడాదికి 20,000 రూపాయలు నిర్ణయించారు. ప్రభుత్వ సాయం ఏ పేరుతో ఉన్నా అర్హత ఉంటే దరఖాస్తు చేయండి. కానీ ఆ సొమ్ము ఏ నెలలో చేతికందుతుందో మన అధీనంలో ఉండదు. దానిని నమ్మి ఏసీ గది తీసుకొని, తరువాత వడ్డీకి అప్పు చేయడం విద్యలోని బర్కత్‌ను మనమే తుడిచివేసుకోవడం. నలుగురుండే సాదా గది, అప్పులేని తండ్రి: బిడ్డకు ఈ రెండూ చాలు.

ఆ తండ్రి మరుసటి వారం కుమార్తెను వెంటబెట్టుకొని వెళ్ళి హాస్టల్ చూసి వచ్చాడు. "గదిలో ఇంకో ముగ్గురు ఉంటారు హజ్రత్. ఒక్కరూ మనవాళ్ళు కారు" అన్నాడు. "అమ్మాయి ఏమంది?" అని అడిగాను. "నమాజు కోసం గదిలో ఏ మూల ఖాళీగా ఉంటుందని వాళ్ళనే అడిగింది. ఒకమ్మాయి లేచి తన పెట్టె పక్కకు జరిపింది" అన్నాడు. ఆ తరువాత ఆయన నన్ను సలహా అడగలేదు. ఫీజు ఎప్పటిలోగా కట్టాలో చెప్పి వెళ్ళిపోయాడు.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యనూ, సత్సాంగత్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.